నడుము కొలవక నెత్తురు తీయుదురా?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను మెట్లు దిగి ఎల్బీనగర్ దిక్కునకు నడచుచు పోయెడివారికి, ఉద్యోగపరీక్షల కోచింగు కేంద్రముల బోర్డులకును, హాస్టళ్ల బోర్డులకును, నగల దుకాణముల బోర్డులకును నడుమ, వానితో సరిసమానముగ మరియొక జాతి బోర్డులు కన్నుల బడును. అవి రక్తపరీక్షా కేంద్రములవి. "ఫుల్ బాడీ చెకప్" అను శీర్షిక క్రింద అరువదియో డెబ్బదియో పరీక్షల పట్టిక, దాని ప్రక్కన అడ్డగీతతో కొట్టివేసిన ఒక ధర, ఆ క్రింద సగమునకు దిగిన మరియొక ధర, ఇంటికే వచ్చి నెత్తురు తీసికొనిపోవుదుమను హామీ. ఉదయము ఏడు గాకమునుపే పరగడుపున వచ్చి కుర్చీలలో కూర్చున్నవారు, తమ వంతు రాగానే చేయి చాచి, సూది గ్రుచ్చిన చోట దూది పెట్టి మోచేయి మడచుకొని వెలుపలికి వచ్చి, తిన్నగ ఎదుటి టిఫిను బండి యొద్దకు పోవుదురు; రక్తములోని కొవ్వు లెక్క యంత్రములో తేలకమునుపే, బాండీలో తేలుచున్న మైసూరు బోండాలు వారి ప్లేటులోనికి వచ్చును. సాయంకాలమునకు నివేదిక వాట్సాప్‌లో వచ్చును. అందు ఎర్ర అక్షరములతో అచ్చయిన ఒక పంక్తిని గూర్చియే నా అభియోగము: సీఆర్పీ, అనగా సి-రియాక్టివ్ ప్రోటీన్.

ఈ పేరు మన ఇండ్లలోనికి ప్రవేశించినది 2021 వేసవిలో. కరోనా రెండవ కెరటము నగరమును ముంచెత్తిన ఆ దినములలో, అంతవరకు షుగరు, బీపీ తప్ప మరియొక వైద్యపదము నోట పలుకని గృహిణులు సైతము, ఫోనులో కుశలప్రశ్నలకు మారుగ "సీఆర్పీ ఎంతొచ్చింది? డీ-డైమర్ చేయించిన్రా?" అని అడుగుకొనుచుండిరి. ఆ సంఖ్య నూరు దాటినదనిన, ఆసుపత్రిలో పడకకై బంధువర్గమంతయు పరుగులిడవలసిన గడియ వచ్చినదని అర్థము. ఆ భయము నేటికిని మనస్సులలో నిలిచియున్నది గనుకనే, ఒంట్లో ఏ బాధయు లేని నలుబదియేండ్ల గుమాస్తా తన నివేదికలో సీఆర్పీ 4.2 అని ఎర్రరంగులో చూచినంతనే తల్లడిల్లును. ఆ నూరును ఈ నాలుగును ఒకే పదార్థపు కొలతలైనను అవి చెప్పెడి కథలు వేరు.

1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ పరిశోధనాసంస్థలో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ అను ఇరువురు వైద్యులు, న్యుమోనియా సూక్ష్మజీవినుండి వేరుపరచిన "సి" అను ఒకానొక శర్కరపదార్థమును ఆ రోగుల రక్తరసములో కలిపినపుడు తెల్లని మడ్డి పేరుకొనుటను, రోగి కోలుకొన్న వెనుక ఆ మడ్డి కట్టుట మానుటను గమనించిరి. ఆ మడ్డికి హేతువైన ప్రోటీనుకే సి-రియాక్టివ్ ప్రోటీన్ అను పేరు స్థిరపడినది. దీనిని తయారుచేయునది ప్రధానముగ కాలేయము. తయారుచేయుమని ఆజ్ఞ పంపునది ఇంటర్‌ల్యూకిన్-6 అను మరియొక ప్రోటీను. దేహములో ఎచ్చటనైనను శోథ, అనగా ఇంగ్లీషు వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అనెడి ఆ మంటయు వాపును కలిసిన ప్రక్రియ, పుట్టినపుడు ఒకటి రెండు దినములలోనే ఇది రక్తములో పదులు, వందల రెట్లు పెరుగును. కారణము తొలగినచో అంత శీఘ్రముగనే తగ్గును. న్యుమోనియాలోను, కరోనాలోను కనిపించినది ఆ ఉధృతరూపము. దాని అడుగున, లీటరు రక్తరసములో ఒకటి, రెండు, నాలుగు మిల్లీగ్రాముల స్థాయిలో, ఏండ్ల తరబడి చల్లారక రగులుచుండెడి మందశోథ మరియొకటి కలదు. దానిని పసిగట్టుటకు పుట్టినదే హెచ్ఎస్-సీఆర్పీ అను సూక్ష్మపరీక్ష. ఒకటికి లోపల ఉన్న గుండెజబ్బు అపాయము తక్కువ, మూడు దాటిన ఎక్కువ అని అమెరికా వైద్యసంఘములు 2003లో ఒక మెట్ల వరుస నిర్ణయించినవి.

ఆ మందశోథ ఎక్కడనుండి వచ్చుచున్నది? సామాన్యముగ నడుమునుండి. ఈ విషయమును చెప్పుటకు మెటబాలిక్ సిండ్రోమ్ అను పేరును ముందు పరిచయము చేయవలసియున్నది. 1988లో జెరాల్డ్ రీవెన్ అను అమెరికా వైద్యుడు ఒక ఉపన్యాసములో, అధిక రక్తపోటు, రక్తములో చక్కెర, కొవ్వుల అవకతవకలు ఒకే మనిషియందు గుంపుగ కూడుట కాకతాళీయము గాదనియు, వాని వెనుక ఇన్సులిన్ మాటను దేహము లెక్కచేయకుండుట అను ఒక్క మూలము కలదనియు ప్రతిపాదించెను. నేడు వైద్యులు అయిదు కొలతలు చూచెదరు: నడుము చుట్టుకొలత మనవంటి ఆసియావారికి పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు, రక్తములోని కొవ్వులగు ట్రైగ్లిజరైడ్లు 150, మంచి కొలెస్టరాల్ అని పేరుబడ్డ హెచ్‌డీఎల్ పురుషులకు 40, స్త్రీలకు 50కి తగ్గుట, రక్తపోటు 130/85, పరగడుపు చక్కెర 100. వీనిలో ఏ మూడు హద్దు మీరినను అది మెటబాలిక్ సిండ్రోమ్.

ఇపుడు ఈ రెంటికిని గల సంబంధము. అమెరికాలో 14,719 మంది స్త్రీలను ఎనిమిదేండ్లు పరిశీలించి 2003లో ప్రకటించిన ఒక అధ్యయనములో, ఈ అయిదింటిలో ఒక్కటియు లేనివారి మధ్యస్థ సీఆర్పీ 0.68, ఒకటి ఉన్నవారికి 1.09, రెండైన 1.93, మూడైన 3.01, నాలుగైన 3.88, అయిదును ఉన్నవారికి 5.75. ఇంత నిక్కచ్చిగ మెట్టుమీద మెట్టుగ ఎక్కిన లెక్కలు వైద్యశాస్త్రములో అరుదు. మన గుమాస్తా గారి 4.2కు అర్థము ఈ మెట్ల వరుసలో వెదకవలెను గాని, కరోనా నాటి ఆసుపత్రి వార్డులో గాదు.

మెట్లు ఇట్లేల ఎక్కుచున్నవో కొంత విడమరచి చెప్పుట అవసరము. చర్మము క్రింది కొవ్వు చాలవరకు సాధువు. పొట్టలోపల, ప్రేవుల చుట్టును పేరుకొన్న కొవ్వు అట్టిది గాదు. తినినది ఖర్చు గాక మిగులుచుండగా అచ్చటి కొవ్వు కణములు ఉబ్బును. ఉబ్బిన కొలది వానికి ప్రాణవాయువు చాలదు. కొన్ని కణములు చనిపోవును. చచ్చిన కణమును శుభ్రము చేయుటకు మాక్రోఫేజులనెడి తెల్లకణములు వచ్చి దాని చుట్టును కిరీటమువలె కూడుకొనుట సూక్ష్మదర్శినిలో స్పష్టముగ అగుపడును. అవి ఊరకుండవు, టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 మొదలగు రసాయనములను వెదజల్లును. కొవ్వు కణజాలము టీఎన్ఎఫ్‌ను స్రవించుననియు, అది ఇన్సులిన్ పనికి అడ్డు తగులుననియు స్థూలకాయపు ఎలుకలయందు 1993లో గోఖన్ హోతమిస్లిగిల్ బృందము ప్రకటించువరకు, కొవ్వు అనగా నిల్వధనము మాత్రమే యని పాఠ్యపుస్తకములు బోధించుచుండెను. పొట్టలోని కొవ్వునుండి నెత్తురు మోసికొనిపోవు సిర నేరుగ కాలేయమును చేరును. అందుచేత ఆ రసాయనముల తాకిడి మొదట కాలేయముపై పడును. అది ఒక వంక సీఆర్పీని తయారుచేయుచు, మరియొక వంక ఇన్సులిన్ వలదన్నను చక్కెరను రక్తములోనికి వదలుచు, ట్రైగ్లిజరైడ్లను పెంచుచు, తానును క్రొవ్వెక్కుచుండును. అనగా సీఆర్పీయు చక్కెరయు ట్రైగ్లిజరైడును ఒకే వంటింటినుండి వెలువడుచున్నవి.

ఇందు మనవారి వంతు మరికొంత హెచ్చు. లండనులో భారతీయ సంతతి పురుషులను తెల్లవారితో పోల్చి 2001లో ప్రకటించిన పరిశోధనలో మనవారి సీఆర్పీ 17 శాతము అధికముగ తేలినది. ఆ అధికభాగమునకు నడుము కొవ్వు, ఇన్సులిన్ నిరోధములే చాలిన కారణములని వారు లెక్క తేల్చిరి. పూనా వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండను వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఛాయాచిత్రమును ప్రక్కప్రక్కన అచ్చువేయించిరి: ఇరువురి బాడీ మాస్ ఇండెక్స్ 22.3, తెల్లదొర ఒంటిలో కొవ్వు 9.1 శాతము, మన యాజ్ఞిక్ గారి ఒంటిలో 21.2. బరువుతూచు యంత్రము ఇరువురికిని ఒకే కితాబు నిచ్చినది! భారత వైద్య పరిశోధనా మండలి 2023లో ప్రకటించిన దేశవ్యాప్త సర్వేక్షణలో మధుమేహులు 11.4 శాతము, బరువును బట్టి స్థూలకాయులు 28.6 శాతము, నడుమును బట్టి స్థూలకాయులు 39.5 శాతము. ఈ చివరి రెండు సంఖ్యల నడుమ నున్న, నూటికి ఇంచుమించు పదకొండుమందియే, "నేను సన్నగనే యున్నాను గదా" అనుకొనుచు తిరుగుచున్నవారు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదు ఐటీ ఉద్యోగులను పరిశీలించి, వారిలో ఇంచుమించు 46 శాతమునకు మెటబాలిక్ సిండ్రోమ్ కలదని అదే యేట చెప్పినది. ఎల్బీనగర్‌లో తెల్లవారుజామున మెట్రో యెక్కి అమీర్‌పేటలో మారి హైటెక్ సిటీకి పోయి కూర్చుండి, చీకటిపడిన వెనుక అదే దారిని తిరిగివచ్చెడి యువజనులు ఆ లెక్కకు వెలుపలివారు గారు.

ఇంత సంబంధమున్నపుడు అందరును సీఆర్పీ చూపించుకొనరాదా అని అడుగవచ్చును. ఇచ్చటనే నాకు పేచీ. సీఆర్పీ పేట కావలికుక్క వంటిది. మొరుగును గాని, వచ్చినవాడు దొంగయో పాలవాడో చెప్పదు. వానకాలమున డెంగీయో, విషజ్వరమో వచ్చి తగ్గిన వారమునకే పరీక్ష చేయించుకొన్న అది పెరిగియుండును. చిగుళ్లు చీము పట్టియుండినను, సిగరెట్టు త్రాగుచుండినను, గర్భనిరోధక మాత్రలు వాడుచుండినను, రాత్రులు నిద్ర చాలకున్నను పెరుగును. అందుచేతనే పది దాటిన సంఖ్య వచ్చినచో దానిని గుండె లెక్కలో చేర్పక, వేరు కారణమును వెదకి తరువాత మరల చూడవలెననియు, సామాన్యముగనైనను రెండు వారముల యెడముతో రెండు మారులు చూచి సగటు తీయవలెననియు 2003 నాటి ఆ వైద్యసంఘములే నియమము విధించినవి. దిల్‌సుఖ్‌నగర్ ప్యాకేజీలలో రెండవ సూదికి చోటెక్కడ? ఇక శోథకు కొలతగ చూచెడి మరియొక రక్తపరీక్షయైన ఈఎస్ఆర్ కథ మరింత పాతది. రక్తహీనత ఉన్న స్త్రీలలో శోథ లేకున్నను అది పెరుగును, మన ఆడువారిలో రక్తహీనత ఎంత విస్తారమో వేరుగ చెప్పనక్కరలేదు. ఈఎస్ఆర్ ఎక్కువున్నదని ఏ కీళ్లవాతపు మందులో మ్రింగుచు, రక్తహీనతను మరచిపోయిన గృహములు మన పేటలలో లేకపోలేదు.

సీఆర్పీని తగ్గించినచో రోగము తగ్గునా యన్న ప్రశ్నకు సమాధానము చెప్పిన రెండు పెద్ద పరీక్షలలో ఒకదానికి మన తెలుగుగడ్డతో బంధుత్వము కలదు. 1895లో భీమవరమున జన్మించి, అమెరికాలో లెడర్లె ప్రయోగశాలలకు పరిశోధనాధిపతియై 1948లో అచ్చటనే కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందము వెలువరించిన మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. పెద్ద మోతాదులో కాన్సరునకును, చిన్న మోతాదులో కీళ్లవాతమునకును నేటికిని వాడుచున్న ఈ మందును, గుండెపోటు వచ్చియో, గుండెనాళములలో పెక్కింట పూడికలు కలిగియో యుండి మధుమేహమో మెటబాలిక్ సిండ్రోమో కూడ గల 4,786 మందిపై అమెరికా, కెనడాలలో పరీక్షించిరి. 2018లో ఫలితము తేలినది: ఇంటర్‌ల్యూకిన్-6 తగ్గలేదు, సీఆర్పీ తగ్గలేదు, గుండెపోట్లును తగ్గలేదు. అంతకు ముందటి యేడు కనాకినుమాబ్ అను మిక్కిలి ఖరీదైన సూదిమందు, గుండెపోటు వచ్చి సీఆర్పీ హెచ్చుగ నున్న పదివేలమందిలో తిరిగి వచ్చెడి గండములను 15 శాతము తగ్గించినది గాని, ప్రాణాంతకమైన సూక్ష్మజీవి జ్వరములను పెంచినది. క్రొత్తగ మధుమేహము వచ్చుటను మాత్రము ఇసుమంతయు ఆపలేకపోయినది. పుట్టుకతోనే జన్యువశమున సీఆర్పీ ఎక్కువ కలవారిలో గుండెజబ్బులు ఎక్కువగ కనబడకపోవుట అంతకుముందే 2011లో వెల్లడియైనది. ఈ మూడును కలిపి చదివినవానికి, ధమనులలో శోథ నిజమే గాని రక్తములోని సీఆర్పీ నేరస్థుడు గాదనియు, పొట్టలోని కొవ్వును అట్లే ఉంచి దాని మంటను మాత్రము మందుతో ఆర్పబూనినచో మధుమేహము లొంగదనియు స్ఫురింపక మానదు. శోథను హరించునని చెప్పి అమ్ముచున్న పసుపు గుళికలను గూర్చి ఒక్క మాట: పసుపు మన పప్పులోను చారులోను ఉండదగినదే, దానినే సాంద్రీకరించి గుళికలుగ మ్రింగినవారిలో కొందరికి కాలేయము చెడిన ఉదంతములు వైద్యపత్రికలలో కలవు.

ప్రతిపక్షమునకు బలము లేదనను. దాదాపు 28,000 మంది స్త్రీలను ముప్పదియేండ్లు వెంబడించి 2024లో ప్రకటించిన అధ్యయనములో, ఒక్కమారు కొలిచిన సీఆర్పీ సైతము చిరకాలపు గుండెగండమును చక్కగ సూచించినది. అమెరికా హృద్రోగవైద్య కళాశాల 2025లో ఈ పరీక్షను అందరికిని చేయుట మేలన్నది. అయితే ఆ దేశములో చాలామందికి రక్తపోటు, కొవ్వులు కొలిచి చీటీ వ్రాసిన వైద్యుడొకడు ముందే యుండును. అపాయము అటో ఇటో తేలనివానికి, కొలెస్టరాలును తగ్గించు స్టాటిన్ మాత్ర మొదలిడుటయా మానుటయా యన్న తగవును తీర్చుటకు ఈ సంఖ్య తోడ్పడును. తండ్రికి యాబదిలోపుననే గుండెపోటు వచ్చి, తనకు కొలెస్టరాల్ హద్దుల నడుమ ఊగుచున్న నలుబదియైదేండ్ల మనిషికి మన వైద్యుడును వ్రాయించవచ్చును, వ్రాయించవలెను కూడ. నా ఆక్షేపణ పరీక్షపై గాదు, నడుమే కొలవని ఊరిలో దీనిని డెబ్బది పరీక్షల మూటలో కట్టి ఇరువదిరెండేండ్ల హాస్టలు పిల్లలకు అమ్ముటపై.

నడుము కొలుచుటలోనే ఎంత పొరపాటున్నదో చూడవలెనన్న సరూర్‌నగర్ సందులలోని ఏ దర్జీ కొట్టు ముందైనను కొంతసేపు నిలిచిన చాలును. నడివయస్సు మనిషి ప్యాంటు కుట్టించుకొనవచ్చిన, అనుభవజ్ఞుడైన దర్జీ మెడలోని టేపు తీయుచునే అడుగును: "సార్, పొట్ట మీదికా, పొట్ట కిందికా?" క్రిందికే యని ఆయన సెలవిచ్చును, 34 అని పుస్తకములో పడును, పెండ్లినాటి సైజే నేటికిని నిలుపుకొంటినని ఆయన సంతోషించును. వైద్యమునకు పనికివచ్చు కొలత అది గాదు. అన్నిటికన్న క్రింది ప్రక్కటెముక అంచునకును, తుంటియెముక పైయంచునకును నట్టనడుమ, చొక్కా తొలగించి, పొట్ట లోనికి పీల్చక, ఊపిరి మామూలుగ విడిచిన క్షణమున టేపు చుట్టి చూడవలెను. అట్లు చూచిన, ఆ 34 అంగుళములవాడు 38కి తేలుట వింతగాదు. పురుషునకు హద్దు ముప్పదియైదున్నరకు లోపలనే ముగియును.

ఈ కొలతను ప్రభుత్వము మరచిపోయినదని నిందించుటకు వీలులేదు. ముప్పది దాటినవారి ఇండ్లకు ఆశా కార్యకర్తలు తెచ్చెడి సీబ్యాక్ అను ప్రశ్నాపత్రములో, పొగాకు, వ్యాయామము, వంశచరిత్రలతో పాటు నడుము కొలతకును ఒక గడి కలదు: స్త్రీలకు 80 వరకు సున్న, 90 వరకు ఒకటి, ఆపైన రెండు మార్కులు, పురుషులకు 90 వరకు సున్న, నూరు వరకు ఒకటి, ఆపైన రెండు. మార్కులన్నియు కలిపి నాలుగు దాటినవారిని ముందుగ పరీక్షకు పంపవలెను. ఎంతటి ఖరీదైన యంత్రమును చేయలేని పనిని ఈ గడి చేయగలదు. అయితే పరాయివాని యింటి వరండాలో ఒక ఆడుమనిషి మగవాని నడుముకు టేపు చుట్టుట మన మర్యాదలలో తేలిక గాదు. చూపుతో అంచనా వేసి గడి నింపుటకు ఆమెను తొందరపెట్టెడిది ఈ మొగమాటమే. టేపు ఇంటివారి చేతికిచ్చి, ఎక్కడ చుట్టవలెనో చూపి, అంకెను మాత్రము తాను చదివి వ్రాసికొను పద్ధతి నేర్పిన చాలును. హద్దు దాటినవారికి బస్తీ దవాఖానాలో నెత్తురు తీసి, ప్రభుత్వ పరీక్షాపథకమైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా ఉచితముగ ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్, చక్కెర చూచినచో అయిదు కొలతలును చేతికి వచ్చును. సీఆర్పీ వంతు ఆ తరువాత, వైద్యుడు కోరిననే.

కొలిచిన వెనుక మనిషి చేయవలసినది కొత్తది గాదు. బరువులో అయిదు నుండి పది శాతము తగ్గిన, పొట్టలోని కొవ్వు ముందుగ కరుగును. దానితోపాటే ట్రైగ్లిజరైడ్లు, చక్కెర, రక్తపోటు, చివరకు సీఆర్పీయు దిగివచ్చును. దానికై వేరు మందు అక్కరలేదు. పళ్లెములో అన్నము తగ్గి పప్పు, కూర పెరుగవలెను. దిల్‌సుఖ్‌నగర్ సందులలో సాయంకాలము బండ్లమీద జొన్నరొట్టెలు చేయు ఆడువారి యొద్ద గుమికూడెడివారు ఈ మర్మమును కొంత గ్రహించినవారే, కాని నాలుగు రొట్టెలు తిని ఆపైన అన్నమును తినిన జొన్న చేయగలిగినదేమియు లేదు. నడకయు కావలెనన్న, అందుకు చోటేదని అడిగెడివారి మాటయు నిజము. విజయవాడ రహదారి ప్రక్కన కాలిబాట ఉన్నచోట దుకాణము ముందుకు వచ్చియుండును. రానిచోట మోటారు సైకిళ్లు నిలిచియుండును.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు బాటసింగారానికి తరలిపోయిన స్థలమున వెయ్యి పడకల ప్రభుత్వ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగినది. అచ్చట గుండెనాళములలో తీగలు దూర్చు గదులును, డయాలిసిస్ యంత్రములును ఉండవలసినదే. వానికై వచ్చెడి రోగులు ఈ పేటలలోనే సిద్ధమగుచున్నారు. ఆ ఆసుపత్రి ఓపీ చీటీ మీద పేరు, వయస్సు, బరువు, బీపీల ప్రక్కన నడుము అని మరియొక గడి అచ్చువేయించి, చీటీ వ్రాసెడి బల్లకు ఒక టేపు కట్టి యుంచవలెనని నా కోరిక. చీటీ మీద ఆ గడి ఖాళీగ నున్నచో, వైద్యుడు రక్తపరీక్షల కాగితము వ్రాయకుండుట మంచిది.